పదిహేడు కాదు, ఏడు

మా వదిన నాకు ఆఖరిసారి ఫోన్ చేసింది ఒక మాట గురించి పోట్లాడటానికి. మంగళవారం, మధ్యాహ్నం మూడున్నర. ఆస్పత్రిలో ఆ వారం రిపోర్టు ప్రింటుకి పంపబోతూ ఆగి, చేసింది.

"అమ్మాయ్, 'శిశువులు' అనాలా, 'పాపాయిలు' అనాలా?"

నేను అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాను కాబట్టి ఇలాంటి తగవులన్నీ నా దగ్గరకే వస్తాయి.

"రిపోర్టు కదా వదినా, శిశువులు అని రాయి. పాపాయిలు అంటే జోలపాటలా ఉంటుంది."

"నీ శిశువులు పుస్తకాల్లో పుడతారే. మా వార్డులో పుట్టేది పాపాయిలే."

"మరి నన్నెందుకు అడిగినట్టు?"

"నువ్వు ఏదంటే అది కాకుండా రెండోది రాద్దామని."

పాపాయిలు అనే రాసింది. కాగితం ప్రింటు తీసి, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డు తలుపుకి నాలుగు మూలలా టేపు వేసి అంటించి, ఐదింటికి బస్సెక్కి ఇంటికి వచ్చింది. బుధవారం పొద్దున అన్నయ్య టీ గ్లాసు పట్టుకుని వెళ్లి లేపితే లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు. యాభై ఏడేళ్లు. అంతకు ముందు జలుబు చేసినా సెలవు పెట్టని మనిషి.

మా వదిన ఆస్పత్రిలో లెక్కల గదిలో పనిచేసేది. ఎంతమంది పిల్లలు చేరారు, ఎన్నాళ్లున్నారు, ఎంత బరువుతో ఇంటికి వెళ్లారు, ఇవీ ఆవిడ లెక్కలు. డాక్టర్ల నుంచి తుడిచేవాళ్ల దాకా అందరూ లెక్కలమ్మ అనేవాళ్లు. రెండో అంతస్తులో, లిఫ్టు యంత్రం పక్కన ఉండేది ఆ గది. లిఫ్టు కదిలినప్పుడల్లా బల్ల మీద పెన్సిల్ అంగుళం జరిగేది. కిటికీలోంచి చూస్తే ఉతికి ఆరేసిన ఆస్పత్రి దుప్పట్లు తప్ప మరేమీ కనిపించవు. ప్రింటరు నెత్తిన రెండు మొట్టికాయలు వేస్తే గాని కాగితం ఉమ్మేది కాదు. "ముందు దెబ్బ నమస్కారం, రెండో దెబ్బ పని" అనేది వదిన.

నలభై ఎనిమిదేళ్ల దాకా అన్నీ రిజిస్టర్లలో చేత్తోనే రాసింది. తర్వాత ఆస్పత్రివాళ్లు ఐదు రోజుల శిక్షణకి పంపారు. గణాంకాల కోసం ఒక కంప్యూటర్ భాష ఉంది, దాని పేరు ఆర్. "పేరుకి ఒక్క అక్షరం, పొగరు మాత్రం యాభై ఆరు అక్షరాలది" అని మొదటి రోజు సాయంత్రమే తీర్పు చెప్పేసింది. ఆ క్లాసులో అందరికంటే పెద్దది ఆవిడే. పాఠం చెప్పినాయన కూడా ఆవిడకంటే పదిహేనేళ్లు చిన్న.

ఆ భాషలో రిపోర్టు రాసే తీరు ఆవిడకి తెగ నచ్చింది. ఒకే ఫైలులో మామూలు వాక్యాలు రాసుకుంటూ పోవచ్చు. లెక్క చేయాల్సిన చోట ఒక కోడ్ బ్లాకు పెట్టాలి. వదిన దాన్ని పెట్టె అనేది. పెట్టెలో ఏం చేయాలో రాసి, చివర ఒక మీట నొక్కితే చాలు, వాక్యాలు వాక్యాల్లాగే ఉంటాయి, పెట్టెల్లో లెక్కలు జరుగుతాయి, ఏ పెట్టె జవాబు ఆ పెట్టె కిందే వచ్చి కూర్చుంటుంది. వచ్చే వారం కొత్త పిల్లల వివరాలు చేర్చి మళ్లీ మీట నొక్కితే రిపోర్టు తనంతట తానే మారిపోతుంది.

అయితే ఆ పెట్టెలకి ఒక బుద్ధి ఉంది. సగటు తియ్యమని ఊరికే రాస్తే తీసి, జవాబు కింద చూపిస్తుంది. ఆ సగటుకి ఒక పేరు పెట్టి దాచమంటే దాచుకుని కిక్కురుమనదు. చూడాలంటే ఆ పేరుతో మళ్లీ పిలవాలి. ఈ సంగతి తెలియక వదిన మొదటి వారంలో రెండు రోజులు మీట నొక్కీ నొక్కీ, కంప్యూటర్ పాడైందని రిపేరు మనిషికి కబురు పెట్టింది. ఆయన వచ్చి, కీబోర్డు తిరగేసి దులిపి, రాలిన బిస్కెట్ పొడి చూపించి, "ఇదేనమ్మా" అని వెళ్లిపోయాడు. మూడో రోజు అసలు సంగతి తెలిసింది.

"చూశావా, లెక్కంతా శుభ్రంగా చేసి పెట్టుకుంది. నేను అడగలేదని చెప్పలేదు" అంది వదిన ఆదివారం మా ఇంటికొచ్చి. "అచ్చం మీ అన్నయ్యే."

అన్నయ్య గడియారాలు బాగుచేస్తాడు. ఆ పనిలో మాటలు అక్కర్లేదు, ఇంట్లో కూడా అక్కర్లేదనే అనుకుంటాడు. ఆ రోజు మా పెరటి అరుగు మీద కూర్చుని కంటికి కటకం బిగించుకుని ఏదో చేతి గడియారం విప్పుతున్నాడు.

"ఏమండీ, మిమ్మల్నే అంటున్నా" అంది వదిన.

"ఊఁ" అన్నాడు అన్నయ్య.

"అదిగో, జవాబు వచ్చింది."

అప్పటి నుంచి మా ఇంట్లో ఆ భాషలోని మాటలు తిట్లకి పనికొచ్చాయి. పెట్టె నెత్తిన 'ఎకో ఫాల్స్' అని రాస్తే, రాసిన కోడు కనిపించకుండా జవాబు ఒక్కటే కాగితం మీదకి వస్తుంది. "మీ అన్నయ్య ఎకో ఫాల్స్. ఉద్యోగం మానేసి కొట్టు పెడుతున్నానని నాకు ఎప్పుడు చెప్పాడో తెలుసా? బోర్డు రాయించుకుని ఇంటికి తెచ్చాక." 'ఎవాల్ ఫాల్స్' అని రాస్తే దానికి తలకిందులు. కోడంతా కనిపిస్తుంది కాని లెక్క జరగదు. అది నా వాటాకి వచ్చింది. "మా ఆడపడుచు ఎవాల్ ఫాల్స్. చేయాల్సినవన్నీ రాగం తీసి చదివి వినిపిస్తుంది, ఒక్కటీ చేయదు."

"మరి నువ్వు?" అని అడిగాను.

"నాకు దాపరికం లేదమ్మా. వండేదీ చూపిస్తాను, వడ్డించేదీ చూపిస్తాను. రుచి లేదంటే ఎక్కడ చెడిందో మీరే చెప్పండి."

నిజమే. వారం వారం వార్డు తలుపుకి అంటించే రిపోర్టులో ప్రతి అంకె పైన దాని కోడు కూడా ఉండేది. చదివేవాళ్లు ఎవరూ లేరు. అయినా పెట్టేది.

ఆ వార్డు చివర తల్లుల గది అని ఒకటి ఉంది. ఆరు మంచాలు, ఒక కిటికీ, గోడకి వరసగా కొక్కేలు. తలుపు కాస్త ఎత్తి పట్టుకుని తోస్తే గాని పడదు. పిల్లలు అద్దాల పెట్టెల్లో ఉంటే తల్లులు ఆ గదిలో ఉండి, మూడు గంటలకోసారి వెళ్లి పాలు పట్టి, గుండెకి ఆనించుకుని కూర్చునేవాళ్లు. ఆరుగురికే చోటు. మిగిలిన తల్లులు రోజూ ఇంటి నుంచి వచ్చి పోవాల్సిందే. ఈ గది నాకు బాగా తెలుసు. మా అమ్మాయి ఎనిమిదో నెలలోనే తొందరపడి పుట్టేసింది. మొదటి మూడు రోజులు నేనే లేవలేకపోయాను, తర్వాత పంతొమ్మిది రోజులు కిటికీ పక్క మంచం నాది. ఇరవై రెండో రోజున పాపని ఇంటికి తీసుకెళ్లాం. ఆ పంతొమ్మిది రోజులూ మధ్యాహ్నం ఒంటిగంటకి వదిన క్యారియరు తీసుకుని రెండో అంతస్తు నుంచి దిగి వచ్చేది. నా కంటే ముందు ఐదుగురు తల్లులూ మూత తీసి చూసేవాళ్లు.

మా అమ్మాయికి రెండో ఏడు నడుస్తుండగా, ఆ గది మందుల నిల్వకి కావాలని ఆస్పత్రి కమిటీ ముందుకి ఒక కాగితం వచ్చింది. పెట్టింది స్టోర్సు ఆయన. చెడ్డవాడేం కాదు. మందుపెట్టెలు మెట్ల మీద పెట్టుకుని, వాటి మీదుగా దూకుతూ తిరిగే మనిషి. ఆయనకి గది కావాలి, అంతే. పెద్ద డాక్టరు గారు వదినని పిలిచి, ఆ గది వల్ల పిల్లలకి నిజంగా మేలు జరుగుతోందా, జరిగితే ఎంత, అని లెక్క తీయమన్నారు. మూడేళ్ల రికార్డులు. పుట్టినప్పటి బరువు ఒకే తీరుగా ఉన్నవాళ్లనే ఏరితే, ఆ గదిలో తల్లి ఉన్న పిల్లలు నలభై ఒక్కరు, తల్లి వచ్చిపోతూ ఉన్న పిల్లలు అంతకు రెట్టింపు పైన. వీళ్లలో ఎవరు ఎన్నాళ్లకి ఇంటికి వెళ్లారో చూడాలి. వదిన మూడు వారాలు కూర్చుంది.

"గది పోతే నేను ఆ వార్డు వైపు వెళ్లలేనే" అంది నాతో. ఆవిడ నోట అలాంటి మాట వినడం అదే మొదలు. "కానీ గది కోసమని లెక్క చేస్తే లెక్క పోతుంది."

రిపోర్టు తయారైంది. పెద్ద డాక్టరు గారు తిరగేసి, "ఈ కోడంతా ఎందుకమ్మా? కమిటీ వాళ్లకి కళ్లు తిరుగుతాయి. జవాబులు ఒక్కటే ఉంచండి" అన్నారు. వదిన మొహం ముడుచుకుని ఎకో ఫాల్స్ పెట్టింది. ఇంకో సంగతి. ఆ భాష ప్రతి జవాబు ముందూ రెండు అడ్డగీతల, రెండు నిలువుగీతల గుర్తులు వేస్తుంది. "ఈ నిచ్చెనలేంటి?" అన్నారాయన. అవీ తీసేసింది. ఇక మిగిలింది జవాబు.

జవాబు ఏడు. రోజులో ముక్కల్ని దగ్గరి పూర్తి అంకెకి సర్దేస్తే, తల్లుల గది పిల్లలు సగటున ఏడు రోజులు ముందుగా ఇంటికి వెళ్తున్నారు.

కాని ఆ భాష ఏడు అని ఊరికే అనదు. జవాబుల వరస పొడుగ్గా ఉంటే పోల్చుకోవడానికని, ప్రతి వరస మొదట్లో ఇది ఎన్నో జవాబో చదరపు బ్రాకెట్లో వేస్తుంది. జవాబు ఒకటే అయినా సరే, 'ఇది మొదటిది' అని చెప్పాకే చెబుతుంది. అందుకని కాగితం మీద ఇలా పడింది:

[1] 7

మూడేళ్లుగా చూసి చూసి వదినకి ఆ ఒకటి కంటికి ఆనడం మానేసింది. మనింటి తలుపు కిర్రు మనకి వినిపించనట్టు. ఆ కాగితానికి కమిటీ కోసం తొమ్మిది నకళ్లు తీయించారు. నకళ్ల యంత్రం ముసలిది, సన్నగీతల్ని మింగేస్తుంది. బ్రాకెట్లు రెండూ మింగేసింది. రెండు అంకెలూ పక్కపక్కన మిగిలాయి.

కమిటీలో కాగితం చదివింది వార్డు హెడ్ నర్సు. కంచు గొంతు. "తల్లుల గది వల్ల పదిహేడు రోజులు ముందు!" అని చదివేసరికి అందరూ నోరు తెరిచారట. రెండో పేజీలో ఇద్దరి సగటులూ విడివిడిగా ఉన్నాయి. పేజీ తిప్పి, ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే చిన్నపిల్లలైనా పట్టుకుంటారు. పదిహేడు విన్నాక పేజీ తిప్పేదెవరు? పావుగంటలో తేలిపోయింది. గది తల్లులదే.

వదిన ఆ సమావేశంలో లేదు. ఆవిడకి సంగతి చెప్పింది లిఫ్టు నడిపే ఆయన.

"శుభం మేడమ్! పదిహేడు రోజులట కదా!"

"దేనికి పదిహేడు?"

"అదే, మీ గది లెక్క."

వదిన రెండో అంతస్తులో దిగలేదు. అదే లిఫ్టులో కిందికి వెళ్లి హెడ్ నర్సు చేతిలోంచి నకలు లాక్కుని చూసింది. ఆ తర్వాత జరిగింది హెడ్ నర్సే నాకు చాలాసార్లు చెప్పింది. ప్రతిసారీ ఇద్దరి గొంతులూ తనే పెట్టి చెప్పేది.

"సిస్టర్, ఇది ఏడు."

"ఒకటి పక్కన ఏడు పదిహేడు కాదూ?"

"ఆ ఒకటి ఒకటి కాదు!"

"ఒకటి ఒకటి కాక మరేంటి, తొమ్మిదా?"

"అంటే, మొదటి జవాబు అని. జవాబు ఏడే."

"అంకెల్లో కూడా ఊరికే ఉండే అంకెలుంటాయా తల్లీ!" హెడ్ నర్సు వదిన చేయి పట్టుకుని పక్కకి లాగింది. "ఇదిగో లెక్కలమ్మా, చెప్పేది విను. గది దక్కింది. స్టోర్సు ఆయన నోరు మూసుకుని వెళ్లిపోయాడు. తప్పు నాది, మిషనుది. నీది కాదు. నువ్వు చూడలేదనుకో."

"చూశానుగా."

"రేపు ఆ గది మందుపెట్టెలతో నింపితే, తలుపు దగ్గర నిలబడి తల్లులకి నువ్వే చెప్తావా? ఏడు వల్లే పోయిందమ్మా అని?"

వదిన ఆ నకలు మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ సాయంత్రం బస్సు మా వీధిలో దిగి తిన్నగా మా ఇంటికి వచ్చింది. పాపని ఒళ్లో వేసుకుని, దాని వేళ్లు ఒకటొకటిగా లాగుతూ కూర్చుంది. నేను కూడా హెడ్ నర్సు మాటే అన్నాను. సిగ్గుపడి చెప్పడం లేదు. ఆ మంచం మీద పడుకున్నదాన్ని, అలాగే అంటాను.

"ఏడు కూడా మంచి జవాబే కదే" అంది వదిన. "దానికేం తక్కువ? మూడు వారాలు కష్టపడి ఒక మంచి నిజం పట్టుకొస్తే, అందరూ దాన్ని వదిలేసి మిషను కక్కిన అబద్ధాన్ని ఊరేగిస్తున్నారు."

"అయితే చెప్పేస్తావా?"

"ఎల్లుండి ఎవరో ఒకరు పేజీ తిప్పుతారు. ఆ రోజున పదిహేడూ పోతుంది, ఏడూ పోతుంది, గదీ పోతుంది. మళ్లీ నేను ఏ అంకె చెప్పినా ఎవడూ నమ్మడు."

మర్నాడు పొద్దున్నే పెద్ద డాక్టరు గారి గది ముందు నిలబడింది. ఆయన విని, కళ్లజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుని, "కోడు తీసేయమన్నది నేనేగా" అన్నారట. గురువారం మళ్లీ కమిటీ పిలిచారు. ఈసారి వదిన కూడా వెళ్లింది. ఫైలు గోడ మీద పడేలా పెట్టి, ప్రతి పెట్టె కోడూ దాని కిందే జవాబూ కనిపించేలా ఎకో వెనక్కి తెచ్చింది.

స్టోర్సు ఆయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. "మొన్న పదిహేడు. ఇవాళ ఏడు. వచ్చే వారం దాకా ఆగితే రెండుకి దిగుతుందా మేడమ్?"

"ఆగక్కర్లేదండీ, ఇప్పుడే చూద్దాం. మీ ముందే చేస్తాను."

బరువుల వారీగా పిల్లల్ని గుంపులు చేసి, ఒక్కొక్క గుంపు లెక్కా వరసగా చెప్పమని ఒక పెట్టె రాసి ఉంది. మీట నొక్కింది. గోడ మీద ఏమీ రాలేదు. మళ్లీ నొక్కింది. తెల్లగోడ.

"బాగుంది. సున్నాకి దిగింది" అన్నాడు స్టోర్సు ఆయన.

అందరూ నవ్వారు.  వదిన రాసిందంతా మళ్లీ పైనుంచి చదివి, ఉన్నట్టుండి నుదురు కొట్టుకుంది. ఆ భాషలో ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే చుట్టు ఒకటి ఉంటుంది. చుట్టు లోపల ఎంత లెక్క చేసినా, 'ప్రింట్' అని నోరు తెరిచి అడిగితే తప్ప బయటికి చెప్పదు.

"లెక్కంతా చేసిందండీ. చెప్పలేదంతే" అంది. "మావారిలాగా."

ఈసారి నవ్వింది ఆవిడతో కలిసి. ఎవరో వెనకనుంచి, "మావారు చేయరు కూడాను" అన్నారు. వదిన ఆ ఒక్క మాటా చేర్చి మీట నొక్కింది. గుంపుల జవాబులు బిలబిలమంటూ ఒకదాని కింద ఒకటి పడ్డాయి. ప్రతిదాని ముందూ చదరపు బ్రాకెట్లో ఒకటి.

"ఆ ఒకట్లన్నీ ఏంటి మరి?" అన్నాడు స్టోర్సు ఆయన అనుమానంగా.

"అవి చదవకండి సార్" అంది హెడ్ నర్సు. "నేను చదివే కొంప ముంచాను."

ఆయన ఊరుకోలేదు. రికార్డుల గది నుంచి అసలు కేసు షీట్లు తెప్పించమన్నాడు. కట్టలోంచి కళ్లు మూసుకుని మూడు లాగాడు. ఒక్కొక్కటీ చదువుతుంటే వదిన ఆ పాపాయి వరస గోడ మీద చూపించింది. బరువు సరి, చేరిన తేదీ సరి, వెళ్లిన తేదీ సరి. నాలుగోది లాగబోయి మానేశాడు.

"సరే, ఏడే. ఏడు రోజుల కోసం ఒక గదా?"

"మీరు పెట్టెలు లెక్కపెట్టేవారు కదా, మీ లెక్కలోనే చెప్తాను" అంది వదిన. "ఒక్కో పాపకి ఏడు రోజులు. నలభై ఒక్క మంది. రెండు వందల ఎనభై ఏడు రోజులు అద్దాల పెట్టెలు ఖాళీ అయ్యాయి. ఆ రోజుల్లో ఇంకో పాపని పెట్టగలిగారు. మీరడిగే గది మందులకి. అవి అరమీద పడుకున్నా ఏడవవు."

స్టోర్సు ఆయన కాగితం మీద నలభై ఒకటిని ఏడుతో హెచ్చించుకున్నాడు. రెండుసార్లు. తర్వాత, "మెట్ల కింద జాగా ఉంది. తలుపు పెట్టిస్తే నాకు సరిపోతుంది" అన్నాడు. లేచి వెళ్తూ, "మీకు చిన్న అబద్ధం కూడా ఆడటం రాదా మేడమ్? మొన్నే గెలిచారు కదా" అని అడిగాడట.

"వచ్చండీ. లెక్కల్లో పెట్టడమే రాదు."

గది నిలిచింది. ఇప్పటికీ తల్లుల గదే. తలుపు ఇప్పటికీ ఎత్తి పట్టుకుని తోయాల్సిందే. ఆ తర్వాత ఏ సమావేశానికైనా వదిన రిపోర్టు కోడుతోనే వెళ్లింది, నిచ్చెనలతో సహా. స్టోర్సు ఆయన రిటైరయ్యే దాకా ఆవిడ కనిపించినప్పుడల్లా రెండు చేతులూ ఎత్తి ఏడు వేళ్లు చూపించేవాడు.

నేనైతే ఆ ఏడుని సొంత ఆస్తిలా చూసుకున్నాను. మూడేళ్ల రికార్డులన్నారు కదా, మా అమ్మాయి పుట్టింది ఆ మూడేళ్లలోనే కదా. చుట్టాలొస్తే చాలు చెప్పేదాన్ని. "ఆ గదిని నిలబెట్టిన నలభై ఒక్కమందిలో మా పిల్ల ఒకతె." అమ్మాయి బడిలో వ్యాసం కూడా రాసుకుంది, పుట్టిన నెలలోనే నేను ఒక గదిని కాపాడాను అని. అది వదిన ముందు గట్టిగా చదివితే చప్పట్లు కొట్టి, "అక్షరం ఎంత గుండ్రంగా ఉందో, మీ అమ్మకి రాదు ఇలా" అంది. నేను ఆ సంగతి ఎత్తినప్పుడల్లా అంతే. ఒకసారి అన్నం చల్లారిపోతోందనేది. ఒకసారి, "ఆ గదిలో నువ్వు పెట్టిన గురక లెక్కలోకి తీసుకోలేదు" అనేది. కాదని మాత్రం ఎప్పుడూ అనలేదు.

కర్మలన్నీ అయ్యాక, ఆవిడ వస్తువులు తెచ్చుకోవడానికి నేనూ అన్నయ్యా ఆస్పత్రికి వెళ్లాం. కుర్చీ మీద వేసుకునే తువ్వాలు, మంచినీళ్ల గ్లాసు, డ్రాయరులో సగం బిస్కెట్ పొట్లం. ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చునేది రికార్డుల గదిలో ఇరవై ఏళ్లు పనిచేసినాయన. ఆ పని ఆయనకి నేర్పింది వదినే. మమ్మల్ని చూసి లేచి నిలబడి, తువ్వాలు మడతపెట్టి ఇచ్చాడు. అన్నయ్య ప్రింటరు మూత ఎత్తి లోపల పళ్లచక్రాలు చూస్తూ ఉండిపోయాడు. నేను ఏదో ఒకటి మాట్లాడాలని, ఆ తల్లుల గది లెక్క ఇంకా ఉందా అని అడిగాను. మా అమ్మాయి ఉన్న లెక్క అని కూడా చెప్పాను.

ఆయన ఫైలు తెరిచాడు. కిందికి దించుతూ ఆగిపోయాడు.

"మీరు మేడమ్ గారి ఆడపడుచు కదండీ?"

"అవును."

"అయితే ఇది మీరు చూడాలి. ఈ పెట్టెకి ఇంక్లూడ్ ఫాల్స్ అని పెట్టారు. అంటే, ఇది పని చేస్తుంది కాని కాగితం మీదకి కోడూ రాదు, జవాబూ రాదు. ఇలాంటిది ఈ ఫైలు మొత్తంలో ఇదొక్కటే. గోడ మీద చూపించిన రోజున కూడా కనిపించి ఉండదు."

పెట్టెలో ఉన్నది ఒకే ఒక వరస కోడు, ఒక పాపాయిని జాబితాలోంచి తీసేయమని. దాని పైన వదిన తెలుగులో రాసుకున్న మాటలు ఉన్నాయి. 'ఈ పాప మా ఆడపడుచు కూతురు. లెక్క కట్టేది నేను కాబట్టి మా ఇంటి పిల్ల ఇందులో ఉండకూడదు. పెద్ద డాక్టరు గారికి చెప్పాను. బయటికి చూపిస్తే ఎవరి పాపో తెలిసిపోతుంది, అందుకే దాచాను.'

అన్నయ్య మూత వదిలేసి వచ్చి నా వెనక నిలబడి చదివాడు.

"నీకు తెలుసా?" అని అడిగాను.

"తెలుసు" అన్నాడు.

రికార్డుల ఆయన ఆ ఒక్క వరసా తీసేసి మీట నొక్కాడు. మా అమ్మాయి కూడా కలిసిన నలభై రెండు మంది లెక్క మావైపు తిప్పిన ఆ చిన్న తెర మీదకి వచ్చింది. మొదటిసారి ఏడున్నరకి కాస్త తక్కువై ఏడుగా పడిన జవాబు, ఈసారి ఏడున్నర దాటింది. కింద ఎనిమిది అని ఉంది.